సూపర్‌లో పదా, తొమ్మిదా, ఎనిమిదా? తేనె ఫ్రేముల ఎంపిక, వాటి మధ్య ఎడం

తేనె కోసం తేనెటీగల పెట్టె మీద ఎక్కించే పై పెట్టె సూపర్, అందులో ఈగలు పట్టు కట్టడానికి వేలాడదీసే చెక్క చట్రం ఫ్రేము. సూపర్‌లోంచి ఒక ఫ్రేము తీసేస్తే తేనె పెరుగుతుందనే మాట పెట్టెలు పెట్టినవాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు విన్నదే. అందులో నిజం ఉంది గానీ అనుకున్నంత లేదు. ఫ్రేము తగ్గించినందుకు దక్కే అసలు లాభం తేనె తీసే రోజున కత్తి దగ్గర కనిపిస్తుంది. నష్టం మాత్రం ఏప్రిల్ ఎండలోనూ, పెట్టెలు బండెక్కించినప్పుడూ బయటపడుతుంది. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఈగలు పెంచేవాళ్ళు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాకే ఫ్రేములకు ఆర్డరివ్వాలి.

ముందు లెక్క చూద్దాం. ఇటాలియన్ ఈగల కోసం వాడే పది ఫ్రేముల లాంగ్‌స్ట్రాత్ పెట్టె లోపలి వెడల్పు సుమారు 370 మి.మీ. ఫ్రేము పక్కచెక్క పైభాగం, అంటే భుజం, వెడల్పు 35 మి.మీ. పదింటినీ భుజం భుజం ఆనించి పెడితే 350 మి.మీ. పోతుంది, రెండు గోడల దగ్గరా కలిపి 20 మి.మీ. మిగులుతుంది. పట్టుకీ పట్టుకీ మధ్య ఈగలు తాము తిరగడానికి వదులుకునే సందు 6 నుంచి 9 మి.మీ. ఉంటుంది. ఆ సందును 9గా తీసుకుంటే, పది ఫ్రేముల్లో ఒక్కో పట్టు మందం 26 మి.మీ. వస్తుంది. తొమ్మిదింటిని సమంగా జరిపితే మధ్య నుంచి మధ్యకు 41 మి.మీ., పట్టు మందం 32. ఎనిమిదైతే మధ్య నుంచి మధ్యకు 46, మందం 37.

ఇక్కడే చాలామంది పొరపడతారు. పట్టు లావెక్కింది కాబట్టి తేనె కూడా అంతకంత పెరిగిందనుకుంటారు. పెట్టె వెడల్పు పెరగలేదు కదా! ఒక ఫ్రేము తీసేస్తే మిగిలేది ఒక్క సందు మాత్రమే. 370లోంచి పది సందులు తీసేస్తే 280 మి.మీ. పట్టు, తొమ్మిది తీసేస్తే 289, ఎనిమిది తీసేస్తే 298. అంటే ఒక్కో ఫ్రేము తగ్గించినందుకు వచ్చే అదనపు తేనె నూటికి మూడు వంతులు. అదీ పూత బాగుండి పెట్టె నిండా పట్టు కట్టినప్పుడే. పూత అంతంతమాత్రంగా ఉన్న ఏడాది ఆ మూడూ రావు.

మరి తొమ్మిది ఎందుకు మంచిదంటాం? ఒక ఫ్రేమును చేతిలోకి తీసుకుని పైచెక్క వెడల్పు కొలవండి. సాధారణంగా 27 మి.మీ. ఉంటుంది. పది ఫ్రేముల ఎడంలో కట్టిన పట్టు 26 మి.మీ. కాబట్టి చెక్క అంచుకన్నా కొంచెం లోపలికే ఉంటుంది. తేనె నిండిన అరల (పట్టులోని గుంటల) మీద ఈగలు వేసే మైనపు మూతలు కోసే కత్తి పైచెక్క మీదా కిందచెక్క మీదా జారుతూ పోతుంది కానీ మధ్యలో పట్టును అంతటా తాకదు. తాకినచోట తాకి, తాకనిచోట వదిలేస్తుంది. అప్పుడు ముళ్ళ ఫోర్కు పట్టుకుని ఒక్కో గుంటా గీరాలి. తొమ్మిది ఎడంలో పట్టు 32 మి.మీ., అంటే రెండు వైపులా చెక్కను దాటి రెండున్నర మి.మీ. బయటకు ఉబ్బి ఉంటుంది. వేడినీళ్ళలో ముంచిన కత్తిని చెక్కల మీద ఆనించి ఒక్క లాగు లాగితే మూతల పొర మొత్తం ఒకే రేకులా ఊడివస్తుంది. ఇరవై పెట్టెలకు రెండేసి సూపర్లుంటే పది ఎడంలో 400 ఫ్రేములు కోయాలి, తొమ్మిదిలో 360. నలభై ఫ్రేముల కోత, తేనె యంత్రంలో తిప్పుడు మిగిలినట్టే. కొనాల్సిన ఫ్రేములూ, పట్టుకు ఆధారంగా వాటిలో బిగించే మైనపు షీట్లూ కూడా అంత తగ్గుతాయి. తొమ్మిదిని మేం గట్టిగా సమర్థించేది ఈ కారణాలకే. తేనె కోసమని కాదు.

షీటు వేసినప్పుడు మాత్రం పదే

కొత్త మైనపు షీట్లు బిగించిన ఫ్రేములను మొదటి రోజే తొమ్మిది ఎడంలో పెట్టడం మనవైపు బాగా కనిపించే తప్పు. షీటుకీ షీటుకీ మధ్య ఖాళీ ఎక్కువైతే ఈగలు షీటు మీద అరలు లాగవు. ఖాళీలోనే అడ్డంగా సొంత పట్టు వేలాడదీస్తాయి, లేదా రెండు ఫ్రేములను కలిపి వంతెన కడతాయి. మూత ఎత్తి ఫ్రేము లాగేసరికి రెండూ కలిసి వచ్చి, విరిగి, తేనె పిల్ల గది మీదికి, అంటే రాణి గుడ్లు పెట్టి పిల్లలు పెరిగే కింది పెట్టె మీదికి కారిపోతుంది. ఆ వాసనకు పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి.

కాబట్టి షీట్లున్నంతకాలం పదింటినీ ఆనించి మధ్యకు నెట్టండి, మిగిలిన ఖాళీని రెండు గోడల వైపూ సమంగా పంచండి. ఆ పట్టు పూర్తయి, తేనె తీసి, ఖాళీ పట్టు తిరిగి పెట్టేటప్పుడు తొమ్మిదికి మారండి. కొందరు పట్టు సగానికి పైగా లాగాక, మూతలు పడకముందే ఒక ఫ్రేము తీసి మిగతావి జరుపుతారు. అదీ పనిచేస్తుంది. మూతలు పడ్డాక జరిపితే మాత్రం ప్రయోజనం లేదు, ఈగలు మూత వేసిన అరలను మళ్ళీ పొడిగించవు. మొదటి ఏడాది వాళ్ళు పూత మధ్యలో ఈ పని పెట్టుకోకుండా మొదటి తీత దాకా ఆగితే మంచిది.

ఇంకో తప్పు, కట్టిన పట్ల మధ్య ఒక్క కొత్త షీటు దూర్చడం. పిల్ల గదిలో ఆ పద్ధతి చెల్లుతుంది. సూపర్‌లో మాత్రం రెండు పక్కల పట్లూ షీటు వైపుకు ఉబ్బుతాయి, షీటు మీద అరలు లాగడానికి చోటే మిగలదు. చివరికి ఒక ఫ్రేము అప్పడంలా, పక్కవి రెండూ దిండ్లలా తయారవుతాయి. కట్టిన పట్లు రెండు ఉంటే వాటిని పక్కపక్కనే మధ్యలో పెట్టి, షీట్లు వాటికి అటూ ఇటూ ఉంచండి. ఆ రెండూ ఈగలను పైకి రప్పించే ఎర. అన్నీ షీట్లే అయితే, పైన పట్టు కట్టడం మొదలయ్యేదాకా రాణిని ఆపే జాలి వేయకండి. జాలి దాటి ఉత్త మైనం దగ్గరికి రావడానికి ఈగలు మొరాయిస్తాయి.

ఎనిమిది సంగతి. చల్లని ప్రాంతంలో, కదలని పెట్టెల్లో, పాత గట్టి పట్లతో ఎనిమిది బాగానే నడుస్తుంది. లోతైన అరల్లో రాణి గుడ్డు పెట్టలేదు, అది ఒక అదనపు సౌకర్యం. కానీ మన ఎండ వేరు. తేనెమైనం కరిగేది 62 నుంచి 64 డిగ్రీల దగ్గరే అయినా, 40 దాటేసరికే మెత్తబడుతుంది. రెంటచింతల ఎండ గురించి వేరే చెప్పక్కర్లేదు, విజయవాడలోనూ మే నెల ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. పెట్టెలోపల ఈగలు రెక్కలాడించి, కాలవ నీళ్ళు తెచ్చి చల్లబరుస్తాయి గనుక పట్టు నిలబడుతుంది. అదే పెట్టె నీడ లేనిచోట ఉన్నా, దగ్గరలో నీళ్ళు లేకపోయినా, తలుపు మూసి బండెక్కించినా ఆ కాపుదల పోతుంది. మీడియం (మధ్యరకం ఎత్తు) సూపర్ నిండితే పది ఫ్రేముల్లో ఒక్కోటి ఒకటిన్నర నుంచి రెండు కిలోలు. అదే బరువును ఎనిమిదింటికి పంచితే ఒక్కో పట్టు మోసే భారం నాలుగో వంతు పెరుగుతుంది. ఒక్క ఏడాది వయసున్న తెల్లటి పట్టు ఆ బరువుకు పైచెక్క దగ్గర తెగి కూర్చుంటుంది. అదనంగా వచ్చే మూడు శాతం తేనె కోసం ఇంత తెగింపు అక్కర్లేదని మా అభిప్రాయం.

లోతు: డీప్, మీడియం, షాలో

మూడు ఫ్రేముల పైచెక్క పొడవూ ఒకటే, 482 మి.మీ. ఎత్తులోనే తేడా. డీప్ 232, మీడియం 159, షాలో 136 లేదా 137 మి.మీ.

మన దగ్గర ఇటాలియన్ ఈగలు పెంచే ఎక్కువమంది డీప్ పెట్టెనే సూపర్‌గా కూడా పెడతారు. కింద పైన ఒకే ఫ్రేము, ఒకే షీటు, ఒకే కొలత. బలహీనంగా ఉన్న కుటుంబానికి పై ఫ్రేము కిందికి దించొచ్చు, విభజన చేసేటప్పుడు పట్లు అందుబాటులో ఉంటాయి. పూతను వెతుక్కుంటూ ఊళ్ళు మారేవాళ్ళకు ఇది నిజంగా పెద్ద సౌకర్యం. దాని ఖరీదు రెండు చోట్ల చెల్లిస్తాం. ఒకటి నడుం దగ్గర: నిండిన డీప్ సూపర్‌లో సుమారు 27 కిలోల తేనె, చెక్కతో కలిపి 35 కిలోల పైమాటే. రెండోది తేనె శుభ్రత దగ్గర. పిల్లలు పెరిగిన పట్టు నల్లబడుతుంది, పుప్పొడి ఉంటుంది, మైనపు పురుగుకు అదే ఇష్టమైన తిండి. అన్నిటికన్నా ముఖ్యం, ఈగలను పట్టి పీల్చే వర్రోవా నల్లికి మందు పట్టీలు వేలాడదీసినప్పుడు పెట్టెలో ఉన్న పట్టు తర్వాత ఎప్పుడూ సూపర్‌లోకి ఎక్కకూడదు. మైనం ఆ మందును పీల్చి దాచుకుంటుంది. డీప్ వాడేవాళ్ళు పిల్ల గది ఫ్రేముల పైచెక్క మీద ఎర్రరంగు బొట్టు పెట్టండి. ఎర్రబొట్టున్న ఫ్రేము తేనె యంత్రం దగ్గరికి రాకూడదు, అంతే.

మీడియం నిండితే 16 నుంచి 18 కిలోల తేనె. ఒక్క మనిషి మోయగలడు. ఈ కొలత పిల్ల గదిలోకి పోదు కాబట్టి పట్టు ఏళ్ళ తరబడి తెల్లగా ఉంటుంది. నాలుగు ఫ్రేముల చేతి యంత్రంలో తిప్పినా విరగదు. పొలంలోనో మామిడితోటలోనో ఒకేచోట ఇరవై ముప్ఫై పెట్టెలున్నవాళ్ళకు మా సలహా మీడియమే.

షాలో గురించి పెద్దగా చెప్పడానికి లేదు. పట్టుతేనెను ముక్కలుగా కోసి అమ్మేవాళ్ళకు బాగుంటుంది. అప్పుడు తీగ లేని పల్చటి షీటు వేసి, పది ఎడంలోనే ఉంచాలి. లావుపాటి ముక్క డబ్బాలో పట్టదు.

ఏది ఎంచుకున్నా కొలతలు కలపొద్దు. డీప్ పెట్టెలో మీడియం ఫ్రేము వేలాడితే దాని కింద మిగిలిన ఏడు సెంటీమీటర్ల ఖాళీలో ఈగలు సొంత పట్టు కడతాయి, అదీ ఎక్కువగా పోతుటీగల అరలతో.

ఎడం నిలబెట్టేది ఏది?

హాఫ్‌మన్ రకం ఫ్రేముకు పక్కచెక్క పైభాగం 35 మి.మీ. వెడల్పు, కింద సన్నం. భుజాలు ఆనిస్తే ఎడం దానంతట అదే కుదురుతుంది. షీట్లు వేసే దశకు దీనికి మించింది లేదు. తొమ్మిదికి మారినప్పుడే భుజాల మధ్య కొలత కావాలి. దానికి 6 మి.మీ. ప్లైవుడ్ ముక్క చాలు. తొమ్మిది ఫ్రేముల మధ్య ఎనిమిది సందుల్లో ఆ ముక్క దూర్చి జరుపుకుంటూ పోతే, రెండు గోడల దగ్గరా మూడున్నర మి.మీ. చొప్పున మిగులుతుంది. కంటి అంచనాతో జరిపితే ఒక సందు 4, ఇంకోటి 10 అవుతుంది. ఒక పట్టు పక్కదానిలోకి చొచ్చుకుపోతుంది, బయటకు తీసేటప్పుడు రెండూ చీరుకుపోతాయి. ఆ ప్లైవుడ్ ముక్కకు తాడు కట్టి స్మోకర్‌కు వేలాడదీసుకోండి, లేకపోతే అవసరమైనప్పుడు దొరకదు.

రేకు గాళ్ళ పట్టీ ఇంకో పద్ధతి. ఫ్రేము చెవులు కూర్చునే గట్టు మీద తొమ్మిది గాళ్ళు కోసిన రేకు కొడతారు. బండి మీద ఎంత కుదిపినా ఫ్రేము కదలదు. విజయవాడ ఆటోనగర్‌లో ఏ రేకుపని షాపులోనైనా కొలత ఇస్తే కోసి ఇస్తారు. గాళ్ళ మధ్య దూరం 41 మి.మీ. అని కాగితం మీద రాసివ్వండి, నోటిమాట మీద వదలకండి. దీని లోపాలు తెలుసుకునే పెట్టించండి. ఫ్రేమును పక్కకు జరపడం కుదరదు, నిలువుగా పైకే లాగాలి, లావు పట్టు పక్కదాన్ని రాసుకుని ఈగలు నలుగుతాయి. పది షీట్లతో మొదలుపెట్టడం కూడా ఆ పెట్టెలో కుదరదు. రేకు మందం వల్ల ఫ్రేము పైకి లేచి మూతకు తగులుతుందేమో చూసుకోవాలి. పిల్ల గదికి ఈ పట్టీ ఎప్పుడూ వద్దు.

భుజం లేని తిన్నటి పక్కచెక్క ఫ్రేము చవక, కోతకు సులువు, ఈగలు తెచ్చి పూసే చెట్ల జిగురు అంటుకునే చోటు తక్కువ. కానీ పట్టి ఉంచేది లేదు కాబట్టి బండెక్కితే ఊగుతుంది. రేకు పట్టీ ఉంటేనే దీన్ని కొనండి.

చెక్క, తీగ, షీటు

వడ్రంగి చేత చేయించుకునేవాళ్ళు బాగా ఆరిన కర్ర అడగాలి. ఆరని కర్ర ఒక వేసవికే మెలితిరుగుతుంది, మెలితిరిగిన ఫ్రేములో ఎడం కొలతకు అర్థం లేదు. టేకు ముక్కలు దొరికితే అంతకన్నా కావలసింది లేదు. కొండపల్లి బొమ్మలకు వాడే పొనికి కర్ర తేలిగ్గా ఉందని ఆశపడొద్దు. బొమ్మకు కావలసిన మెత్తదనమే ఫ్రేముకు శత్రువు, రెండు కిలోల తేనె వేలాడితే మేకు పట్టు వదులుతుంది. పదేసి ఫ్రేములు చేయించే ముందు ఒక్కటి చేయించి పెట్టెలో వేలాడదీసి చూడండి. పై ఫ్రేము కిందచెక్కకూ కింది పెట్టె ఫ్రేముల పైచెక్కకూ మధ్య 6 నుంచి 9 మి.మీ. ఉండాలి. తక్కువైతే జిగురుతో అతికేస్తాయి, ఎక్కువైతే మైనంతో నింపేస్తాయి.

తీగ 28 గేజి, కళాయి పూసినది. డీప్‌కు నాలుగు వరసలు, మీడియానికి మూడు. వేలితో మీటితే తీగ మోగాలి. చప్పగా పలికితే మళ్ళీ బిగించండి. వదులు తీగ మీద షీటు మొదటి వారంలోనే అలలు తిరుగుతుంది, ఆ అలల మీదే పట్టు కడతాయి. తీగను షీటులోకి దింపడానికి వేడినీళ్ళలో ముంచిన పళ్ళ చక్రం చాలు. 12 వోల్టుల బ్యాటరీ వాడితే తీగకు మూడు నాలుగు సెకన్లకు మించి తాకించొద్దు, షీటు కోసుకుపోతుంది. షీటులో పారఫిన్ కలిస్తే మన ఎండకు సాగిపోతుంది. అసలు మైనానికి తేనె వాసన ఉంటుంది, అరచేతిలో పట్టుకుంటే మెల్లగా వంగుతుంది. జిడ్డుగా, కొవ్వొత్తి వాసనతో ఉంటే తిరిగిచ్చేయండి.

దేశవాళీ ఈగలకు

తొర్రల్లో ఉండే మన ఈగకు పై అంకెలు వర్తించవు. దాని పట్ల ఎడం మధ్య నుంచి మధ్యకు 31, 32 మి.మీ. అర కూడా చిన్నది. ఇటాలియన్ ఈగల షీటు కొని దానికి వేస్తే అరల కొలత కుదరక గందరగోళంగా కడుతుంది. సూపర్‌లో ఒక్క ఫ్రేముకు మించి తగ్గించొద్దు, అదీ కట్టిన పట్లున్నప్పుడే. ఈ ఈగ జిగురు వాడదు కాబట్టి ఫ్రేములు అతుక్కోవు. తీయడానికి హాయిగానే ఉంటుంది కానీ పెట్టె కదిలిస్తే ప్రతి ఫ్రేమూ ఊగుతుంది. మోసేముందు పైచెక్కల మధ్య పుల్లలు దూర్చండి. మాటిమాటికీ తెరిచి ఎడం సరిచేస్తుంటే ఏకంగా పెట్టె వదిలి లేచిపోతుంది. ఒక్కసారి పెట్టి, వదిలేయాలి.

తీసే రోజు, తర్వాత

కంది, ధనియాల పూతలకు చలికాలంలో సూపర్ ఎక్కిస్తే ఎండ బెడద లేదు, కొత్త షీట్లు కట్టించుకోవడానికి అదే అదను. ఉగాది వేపపూతా కానుగ పూతా వచ్చేసరికి చేతిలో తీగ వేసిన పాత పట్లు ఉండాలి. మిరప, పత్తి చేలల్లో మందు కొట్టే రోజులు రైతును ముందే అడిగి తెలుసుకోండి, సూపర్ ఉన్న పెట్టెను ఆ గట్టు మీద ఉంచొద్దు.

లావు పట్టులో అర లోతెక్కువ, అడుగున తేనె పండడానికి సమయం పడుతుంది. ముప్పావు భాగానికి పైగా మూతలు పడ్డాకే తీయండి. అనుమానముంటే ఫ్రేమును అడ్డంగా పట్టుకుని ఒక్క కుదుపు కుదపండి, చుక్కలు రాలితే ఇంకా పచ్చితేనే. ఆహార ప్రమాణాల ప్రకారం తేనెలో తేమ 20 శాతం దాటకూడదు. సముద్రం వైపు గాలికి తెరిచిపెట్టిన తేనె కూడా తేమ లాక్కుంటుంది కాబట్టి తీసిన వెంటనే డబ్బాకు మూత బిగించాలి. కొత్త పట్లను తెల్లవారుజామున, ఎండెక్కకముందే తిప్పండి. యంత్రంలో ఒక వైపు సగం ఖాళీ అయ్యేదాకా నెమ్మదిగా, తర్వాత తిరగేసి రెండో వైపు పూర్తిగా, మళ్ళీ మొదటి వైపు మిగిలింది. ఒకేసారి జోరుగా తిప్పితే లోపలి వైపు తేనె బరువుకు పట్టు జాలికి ఒత్తుకుని పగులుతుంది.

ఖాళీ పట్లను ఈగలు నాకి శుభ్రం చేశాక దాచేటప్పుడు, అందరూ పెట్టెకు పది కుక్కుతారు. అక్కడ మాత్రం ఎనిమిదే పెట్టండి. మైనపు పురుగుకు చీకటీ ఇరుకూ ఇష్టం, గాలీ వెలుతురూ ఆడితే తగ్గుతుంది. గంధకం పొగ వేస్తే పురుగు చస్తుంది, గుడ్డు చావదు. అందుకని పది పన్నెండు రోజులకు మళ్ళీ వేయాలి. డీప్ ఫ్రీజర్ అందుబాటులో ఉంటే పట్లను రెండు రోజులు అందులో ఉంచి, బయటకు తీసి తడి ఆరాక గాలి చొరని సంచిలో కట్టేయండి. గుడ్లతో సహా పోతాయి.